లివర్ వదిలితే ఆగాలి

జూన్ 16

ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ప్రతి జనవరిలో ఇచ్చిన డైరీలు అలమరాలో తొమ్మిది ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ అక్షరం రాయలేదు. ఇవాళ ఈ ఏడాదిది తీశాను.

ఇరవై ఆరేళ్ళు చైతన్యపురిలో ఫిజిక్స్ చెప్పాను. రెండు వారాలుగా ఇంట్లో కూర్చున్నాను. సెక్షన్లు తగ్గించారట. నా పాఠాలన్నీ వీడియో తీసుకున్నప్పుడే అర్థం చేసుకోవాల్సింది. అప్పుడు మంచి చొక్కా వేసుకుని వెళ్ళాను.

కుసుమ ఏడున్నరకల్లా తన స్కూలుకు వెళ్ళిపోతుంది. తను పంతులమ్మ, ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. తను వెళ్ళాక పేపరు చదవడం, మళ్ళీ అదే పేపరు చదవడం. పదకొండింటికి ఊరికే సెల్లార్‌లోకి దిగాను. పాత ఫ్లెక్సీల కింద అపార్ట్‌మెంటు వాళ్ళ గడ్డి కోసే మిషన్ కనబడింది. వాచ్‌మన్ సైదులును అడిగాను.

“రెండేండ్ల సంది గట్లనే వడి ఉంది సార్. తిరగది.”

“నేను చూస్తాను” అన్నాను. ఎందుకన్నానో తెలీదు. మోటారు బొమ్మ బోర్డు మీద కొన్ని వందల సార్లు గీసి ఉంటాను. మోటారు విప్పడం మాత్రం ఇదే మొదలు.

జూన్ 19

తిరిగింది.

లోపల కార్బన్ బ్రష్‌లు పూర్తిగా అరిగిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మోటార్లకు వైండింగ్ చేసే షాపులో అలాంటివే దొరికాయి. బిగించడానికి నాకు రెండు రోజులు పట్టింది. షాపతను పది నిమిషాల పని అన్నాడు. వేలి మీద చర్మం లేచిపోయింది. బాగానే ఉంది.

రాములమ్మను పిలిచి మిషన్ ఆమె చేతికిచ్చాను. మా పార్కు పని ఆమెదే. ఏజెన్సీ తరపున వస్తుంది. ఇన్నాళ్ళూ గొంతుక్కూర్చుని కొడవలితో గడ్డి కోసేది. నల్లగొండ దగ్గర ఏదో ఊరు, ఇప్పుడు ఉండేది బాలాపూర్‌లో.

మిషన్‌ను చూసి దూరం జరిగింది. “నాకు భయమైతది సార్.”

“భయమెందుకమ్మా. హ్యాండిల్‌కు ఈ లివర్ ఉంది చూశావా. దీన్ని నొక్కి పట్టుకుంటేనే తిరుగుతుంది. వదిలేశావనుకో, ఆగిపోతుంది. చెయ్యి ఇక్కడుంటే అక్కడ బ్లేడు తిరుగుతుంది, చెయ్యి తీస్తే ఆగుతుంది. అంతే.”

నాలుగుసార్లు నొక్కించి, నాలుగుసార్లు వదిలించాను. ఐదోసారి తనంతట తనే నడిపింది. పచ్చిగడ్డి వాసన మా మూడో అంతస్తు దాకా వచ్చింది.

“మీరు కాలేజీల పిల్లలకు ఇదే చెప్తుంటిరా సార్?” అని అడిగింది.

“దాదాపు ఇదే” అన్నాను.

సాయంత్రం అసోసియేషన్ ప్రెసిడెంట్ మల్లికార్జునరావు గారు లిఫ్టు దగ్గర అందరి ముందు చెయ్యి కలిపారు. “మాస్టారూ, మీలో ఈ కళ కూడా ఉందా” అన్నారు. కుసుమకు ఆ మాట మూడుసార్లు చెప్పాను. మూడోసారి తను నవ్వింది.

జూన్ 28

బాల్కనీలో ఇప్పుడు మూడు మిషన్లు ఉన్నాయి. మల్లికార్జునరావు గారే తెలిసినవాళ్ళందరికీ చెప్పారు. ఒకటి పక్క కాలనీది. ఇంకోటి పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక ఫంక్షన్ హాలుది, అది పెట్రోలు మిషన్. మూడోది ఎవరిదో సైదులు రాసుకోలేదు.

పెట్రోలు మిషన్‌లో స్టార్ట్ చేయడానికి లాగే తాడు ఉంటుంది. దాని వెనక చుట్ట చుట్టిన ఉక్కు స్ప్రింగు. మూత తీయగానే అది పాములా బయటికి లేచి గడ్డం కింద కోసింది. మళ్ళీ చుట్టి లోపల పెట్టాలి. ఆరుసార్లు ప్రయత్నించాను.

కుసుమ దూదితో రక్తం తుడుస్తూ, “ఇవన్నీ మనకెందుకండీ” అంది.

“పని కదా” అన్నాను.

తను దూది పారేసి వంటింట్లోకి వెళ్ళింది.

జూలై 3

స్ప్రింగు ఇంకా పట్టలేదు.

జూలై 5

పట్టలేదు.

జూలై 12

ఫంక్షన్ హాలు వాళ్ళు మిషన్ వెనక్కి తీసుకుపోయారు. తీసుకుపోయిన కుర్ర మేనేజరు, విడి భాగాలు పెట్టిన కవరు పైకెత్తి చూసి, “విప్పుడు అందరికీ వస్తది సార్” అన్నాడు. సైదులు విన్నాడు. కింది ఫ్లాటు వాళ్ళు కూడా వినే ఉంటారు.

రెండోది నడుస్తోంది, కానీ పొగ వస్తోంది. మూడోదాని జోలికి ఇవాళ పోలేదు. మధ్యాహ్నం పడుకున్నాను. లేచేసరికి ఐదు. కుసుమ వచ్చి బట్టలు కూడా మడతపెట్టేసింది.

సరిగ్గా నడుస్తున్నది ఒక్క మా పార్కు మిషనే. పొద్దున్న దాని చప్పుడు వినబడితే లేచి కిటికీ దగ్గరికి వెళ్తాను.

జూలై 22

మా మిషన్ కూడా ఆగిపోయింది. రాములమ్మ, సైదులు కలిసి పైకి తెచ్చారు. లివర్ లోపలి స్విచ్ కాలిపోయింది. విప్పితే ప్లాస్టిక్ అంతా ముద్దయి ఉంది.

“వారం దినాల్ల చవితి మీటింగు ఉంది సార్. గడ్డి పెరిగితే ప్రెసిడెంట్ సారు నన్నంటడు” అంది రాములమ్మ.

స్విచ్ కొత్తది కావాలి. అందాకా రెండు వైర్లూ నేరుగా కలిపి టేపు చుట్టాను. మిషన్ తిరుగుతోంది. ఇప్పుడు లివర్‌తో సంబంధం లేదు, గోడ దగ్గర ప్లగ్ స్విచ్ వేస్తే తిరుగుతుంది, అక్కడ ఆపితే ఆగుతుంది. తాత్కాలికమే. గోడ దగ్గరే ఆపాలని చెప్పాను.

రెండు రోజుల్లో కోఠీ వెళ్ళి స్విచ్ తేవాలి.

జూలై 24

కోఠీలో ఆ మోడల్ స్విచ్ లేదన్నారు.

ఆగస్టు 6

స్విచ్ సంగతి చూడాలి. మిషన్ బాగానే నడుస్తోంది. వచ్చే వారం.

ఆగస్టు 26

రేపు వినాయక చవితి. పార్కు పక్కన మండపం వేస్తున్నారు. పొద్దుటి నుంచీ మైకు పరీక్షిస్తున్నారు. పాట పెడతారు, ఆపుతారు, మళ్ళీ పెడతారు. రాత్రి వాన పడి గడ్డి తడిగా ఉంది. అయినా ఇవాళే కోయాలని మల్లికార్జునరావు గారు చెప్పారట.

పదిన్నరకు జరిగింది. తడిగడ్డి ముద్దలు కట్టి బ్లేడుకు అడ్డం పడింది. బ్లేడు నిలిచిపోయింది. ఇన్నాళ్ళూ కోత మధ్యలో లివర్ వదలాల్సిన అవసరం రాలేదు, అయిపోగానే ఎవరో ఒకరు గోడ దగ్గర ప్లగ్ తీసేవారు. రాములమ్మ లివర్ వదిలేసి, మిషన్ వంచి, కింద చెయ్యి పెట్టి గడ్డి లాగింది. మోటారుకు కరెంటు అందుతూనే ఉంది. ఆగిన మోటారు మూలుగుతుంది, దగ్గరుంటే తెలుస్తుంది. మైకు హోరులో ఆమెకు వినబడలేదు. గడ్డి ఊడి రాగానే బ్లేడు తిరిగింది.

కుడిచేతి మూడు వేళ్ళు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

నేను దిగేసరికి సైదులు తన తలగుడ్డ ఆమె చేతికి చుడుతున్నాడు. ఆమె ఏడవడం లేదు. మిషన్ వైపు చూస్తూ, “ఇడిసిన. ఇడిసిన గద” అంటోంది. ఆటో ఎక్కేదాకా అదే మాట.

మైకు ఆపమని ఎవరూ చెప్పలేదు. చాలాసేపటికి నేను చెప్పాను.

ఆగస్టు 27

గోడ దగ్గర ఆపితేగానీ చెయ్యి పెట్టొద్దని చెప్పాను.

పండగ. కుసుమ పత్రి తెచ్చి పూజ చేసింది. ఉండ్రాళ్ళు తినలేకపోయాను.

ఆగస్టు 28

చెప్పాను. జూలై 22న బాల్కనీలో నిలబడి చెప్పాను. సైదులు కూడా విన్నాడు.

ఆగస్టు 29

సైదులును అడిగాను. మోటారు పంపు గదిలోకి తీసుకుపోయి అడిగాను.

“నాకు చెప్పిన్రు సార్. గప్పటికే ఆమె కిందికి దిగిపోయింది. ఆమెకు చెప్పుమన్నరు.”

“మరి చెప్పావా?”

పంపు గది తలుపు దగ్గరికి వేశాడు. “తెల్లారి ఊర్ల సావు దినాలుండె సార్. పోయిన. నాలుగొద్దులకు ఒచ్చిన. ఇగ యాదికి లేదు. సార్, నా పేరు రానియ్యకుండ్రి. ఈ రూము పోతే ఎక్కడుంటం.”

రానివ్వనన్నాను.

ఐదు వారాలు ఆమె రోజూ నాకు ఎదురుపడింది. రోజూ నమస్తే పెట్టింది.

ఆగస్టు 31

మల్లికార్జునరావు గారు ఇంటికి వచ్చారు. కాగితం టైపు చేయించుకునే వచ్చారు.

“ఏజెన్సీ వాళ్ళు అడుగుతున్నారు మాస్టారూ. మిషన్ కండిషన్ ఎలా ఉంది, ఎవరు చూసుకుంటున్నారు అని. మీరు టెక్నికల్‌గా తెలిసినవారు. మిషన్ సక్రమంగా ఉంది, పనిమనిషి అజాగ్రత్త వల్ల జరిగింది అని ఒక్క సంతకం. మీ మంచికే. రేపు పోలీసూ గొడవా అంటే మీ పేరు ముందు వస్తుంది.”

“రాములమ్మ పరిస్థితి?” అని కుసుమ వంటింటి గుమ్మంలోంచి అడిగింది.

“మనం చందాలు వేసి ఏదో ఒకటి ఇద్దాంలేమ్మా. పండగ హడావిడి అయిపోనివ్వండి.”

పెన్ను ఆయనే ఇచ్చారు.

సెప్టెంబరు 1

సంతకం పెట్టాను.

సెప్టెంబరు 6

ఇవాళ నిమజ్జనం. కుసుమ టీవీలో బాలాపూర్ లడ్డూ వేలం చూస్తోంది. బాలాపూర్ అన్న మాట వచ్చినప్పుడల్లా గదిలోంచి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోయాను.

సైదులు చెప్పాడు. ఏజెన్సీ వాళ్ళు రాములమ్మను తీసేశారు. తప్పు ఆమెదే కాబట్టి నష్టపరిహారం కూడా రాదన్నారట. కాగితం చూపించారట.

పార్కులోకి కొత్త మనిషి వచ్చింది. కొడవలితో కోస్తోంది.

సెప్టెంబరు 9

ఇది నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులో అబద్ధాలు రాశాను.

జూలై 24న కోఠీలో స్విచ్ లేదన్నారని రాశాను. నేను కోఠీ దాకా పోనేలేదు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాను. కాలిపోయిన స్విచ్ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. చైతన్యపురిలో పిల్లలు గుంపుగా ఎక్కారు. అందులో తేజస్విని ఉంది, రెండేళ్ళ క్రితం నా సెక్షన్. మంచి పిల్ల, ముందు బెంచీ.

“సార్, ఇప్పుడు ఎక్కడ చెప్తున్నారు?” అని అడిగింది.

చేతులకు గ్రీజు మరక ఉంది. వెనక్కి పెట్టుకున్నాను. “ఇక్కడే, దగ్గర్లోనే” అన్నాను.

“ఏ బ్రాంచి సార్? మా తమ్ముడు ఈ సంవత్సరం జాయిన్ అవుతాడు.”

దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. ఇక్కడే అని చెప్పి దిగిపోయాను. ఎదురు ప్లాట్‌ఫామ్ ఎక్కి ఇంటికి వచ్చేశాను. మర్నాడు వెళ్దామనుకున్నాను. మర్నాడు చైతన్యపురి గుర్తొచ్చింది. ఆ తర్వాత కూడా. ఆటోలో వెళ్ళొచ్చు, బస్సులో వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. కుసుమకూ, సైదులుకూ, ఈ డైరీకీ స్విచ్ లేదన్నారని చెప్పాను.

రెండో అబద్ధం. రాములమ్మకు చెప్పానన్నది. చెప్పలేదు. నేను ఆమెకు చెప్పింది ఒక్కటే, జూన్‌లో. వదిలేస్తే ఆగిపోతుంది అని. నాలుగుసార్లు వదిలించి మరీ నేర్పాను. ఆమె ఆ పాఠం సరిగ్గా నేర్చుకుంది. వదిలింది.

వారం నుంచీ అన్నం సయించడం లేదు. కుసుమ డాక్టరు దగ్గరికి వెళ్దామంటోంది. పొద్దున్న అద్దంలో గడ్డం గీసుకుంటూ మధ్యలో ఆపేశాను. సగం గడ్డంతోనే మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. నేను లేకపోతే ఎవరికి ఏం తక్కువవుతుందని లెక్క వేశాను. తక్కువేమీ రాలేదు. ఇది కుసుమకు చెప్పకూడదు.

సెప్టెంబరు 10

చెప్పాను. అన్నీ చెప్పాను, ఆ ఆఖరి మాటతో సహా. కుసుమ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇవాళ స్కూలుకు వెళ్ళలేదు.

సెప్టెంబరు 14

బాలాపూర్ వెళ్ళాను. ఇల్లు సైదులు చెప్పాడు. రేకుల గది, కిరాయిది. రాములమ్మ గడపలో కూర్చుని ఎడంచేత్తో చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. కుడిచేతికి కట్టు ఉంది. నన్ను చూసి లేచింది.

“రాండ్రి సార్. కూసోండ్రి. మౌనికా, సారుకు చాయ వెట్టు.”

కూతురు మౌనిక డిగ్రీ చదువుతోందట. లోపలికి పోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, “మిషన్ మంచిగుందని సంతకం పెట్టింది మీరేనా సార్?” అని అడిగింది.

“నేనే.”

“మరి ఎందుకొచ్చిన్రు?”

దారంతా అనుకున్న మాటలు రాలేదు. వచ్చినవే చెప్పాను. స్విచ్ కాలిపోయిందని, వైర్లు కలిపేశానని, లివర్ పనిచెయ్యదని తెలిసీ నీకు చెప్పలేదమ్మా అని. సైదులు పేరు చెప్పలేదు.

రాములమ్మ చిక్కుళ్ళ వైపు చూస్తూ వింది. చేతిలో కాయ చాటలో వేసింది.

“ఇడిసినా తిరిగిందని దవాఖానల అందరికీ చెప్పిన సార్. డాక్టర్ సారుకు చెప్పిన, ఏజెన్సీ ఆయనకు చెప్పిన. ఎవలూ ఇనలే. నీకు భ్రమైందన్నరు. నా బిడ్డ సుత నమ్మలే. ఇగ నేనే అనుకున్న, ఇడువలేనేమో అని. ఇరవై దినాల సంది గదే సోంచాయిస్తున్న. ఇడిసిననా, ఇడువలేనా అని.”

మౌనిక మొహం పక్కకు తిప్పుకుంది.

“విడిచావమ్మా. నువ్వు విడిచావు.”

“చెయ్యి కోసింది మిషన్ సార్. దానికేం తెలుసు. సంతకం మీరు వెట్టిన్రు.”

టీ రాలేదు. నేను లేచేటప్పుడు, “గిదంత కాయితం మీద రాసిస్తరా?” అని అడిగింది.

రాసిస్తానన్నాను.

సెప్టెంబరు 20

రెండు కాపీలు రాశాను. ఒకటి పట్టుకుని మల్లికార్జునరావు గారి ఫ్లాటుకు వెళ్ళాను. నిలబడే చదివారు.

“మాస్టారూ, ఉద్యోగం పోయాక మీకు మనసు బాగుండటం లేదని అందరికీ తెలుసు. నెలగా తిండి కూడా సరిగ్గా తినడం లేదటగా. ఇలాంటప్పుడు మనిషికి తను చెయ్యనివి కూడా చేసినట్టు అనిపిస్తుంది.”

“మిషన్ విప్పి చూడండి. వైర్లు కలిపి టేపు చుట్టి ఉంటాయి.”

“మిషన్ ఎక్కడుందండీ. పండగ మర్నాడే పాత సామాన్ల వాడికి ఇచ్చేశాం. రక్తం మరకలతో అలాంటిది ఇంట్లో ఉంచుకుంటామా.”

సెల్లార్‌లోకి దిగి చూశాను. నిజమే. ఫ్లెక్సీలు మడతపెట్టి ఉన్నాయి.

కుసుమ అడిగింది. “ఆ రెండో కాపీ లేబర్ ఆఫీసులో ఇస్తే మీమీద కేసు పెడతారా?”

“పెట్టొచ్చు.”

“నా జీతం మీద ఇల్లు నడుస్తుంది. ఈ బిల్డింగులో అందరి మొహాలూ ఎట్లా చూడాలో మాత్రం నాకు తెలీటం లేదు.” కాపీ మడిచి నా చేతికిచ్చి, “ఇవ్వండి. ఇవ్వకపోతే మీరు బతకరు” అంది.

బాల్కనీలో మిగిలిన రెండు మిషన్లూ, మూడోది ఎవరిదో కనుక్కుని, ఎవరివి వాళ్ళకు పంపేశాను. ఒకటి పొగతో, ఒకటి విప్పకుండానే.

అక్టోబరు 8

లేబర్ ఆఫీసు. రాములమ్మ, మౌనిక ముందే వచ్చి ఉన్నారు. ఆఫీసరు ఒక మేడమ్. నా రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివింది.

“సెప్టెంబరు 1న మిషన్ సక్రమంగా ఉందని రాశారు. ఇప్పుడు లేదంటున్నారు. ఏది నిజం?”

“ఇప్పటిది.”

“అప్పుడెందుకు అట్లా రాశారు?”

“భయపడ్డాను మేడమ్.”

“పోలీసులకా?”

కాదన్నాను. ఇంకా చూస్తోంది, చెప్పక తప్పలేదు. “ఆ మిషన్ బాగుచేసినందుకు అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఈ మధ్య నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. అది కూడా చెయ్యలేదని ఒప్పుకోలేకపోయాను.”

రాములమ్మ ఆ మాట విన్నదో లేదో తెలియదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది.

మిషన్ లేదు కాబట్టి రుజువు కష్టమని మేడమ్ చెప్పింది. నా మాట ఒక్కటే ఉంది, దానికి ఎదురుగా ఉన్నదీ నా మాటే. అయినా పిటిషన్ తీసుకుంది. గుమాస్తా ఇంకుప్యాడు రాములమ్మ ముందుకు తోశాడు.

“అమ్మకు సంతకం వస్తది సార్” అంది మౌనిక గబుక్కున. “మహిళా సంఘంల నేర్చుకుంది. పేరు మొత్తం రాస్తది.”

గదిలో అందరం ఆమె చేతి వైపు చూశాం. మౌనిక కూడా చూసింది, తర్వాత తల దించుకుంది.

రాములమ్మ ఎడమ బొటనవేలు ప్యాడు మీద పెట్టి, కాగితం మీద అద్దింది. కొంగుతో తుడుచుకుంది. ఇంకు పోలేదు.

బయట బస్టాపు దగ్గర ముగ్గురం నిలబడ్డాం. వాయిదా నవంబరు 12న.

“వస్తానమ్మా ఆ రోజు” అన్నాను.

“ఒస్తే రాండ్రి” అంది. బస్సు వచ్చింది. మౌనిక ముందు ఎక్కింది. ఆమె ఎడంచేత్తో కమ్మీ పట్టుకుని మెట్టు మీద ఆగింది. “నా పక్కన మాత్రం కూసోకుండ్రి సార్.”

నవంబరు 12

వాయిదాకు వెళ్ళాను. అసోసియేషన్ తరపున ఎవరూ రాలేదు. డిసెంబరు 17కి వేశారు.

వెనక బల్ల మీద కూర్చున్నాను.